వాళ్ళ నమ్మకం వాళ్ళది అని ఎంతవరకు ఊరుకోవాలి?

అలిపిరి_మెట్లు (ప్రశ్న అడిగినవారు):

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. అత్తమ్మ, మామ, బావగారి కుటుంబం, మేము, అందరం ఒకే ఇంట్లో ఉంటాం. బావగారి కొడుక్కి తొమ్మిదేళ్ళు. రెండేళ్ళ కింద ఫిట్స్ మొదలైతే డాక్టరు మాత్రలు రాశారు. పొద్దున, రాత్రి తప్పకుండా వేస్తుంటే చాలావరకు అదుపులోకి వచ్చింది, మధ్యలో ఒకసారి జ్వరం వచ్చినప్పుడు తప్ప మళ్ళీ రాలేదు. ఈ మధ్య అత్తమ్మ వైపు చుట్టాలెవరో చెప్పారని తమిళనాడు బార్డర్ దగ్గర ఒక ఊళ్ళో స్వామి దగ్గరికి పిల్లోడిని తీసుకుపోయారు. ఆయన గాలి సోకింది అని చెప్పి, నడుముకు తాయెత్తు కట్టి, మండలం రోజులు ఇంగ్లీషు మందు ముట్టకూడదు, ముడితే తాయెత్తు పని చెయ్యదు అని చెప్పి పంపించాడంట. ఆ రోజు నుంచి మాత్రలు ఆపేశారు. మాత్రల డబ్బా ఫ్రిజ్ మీద అట్లే ఉంది, వంటింట్లోకి పోయినప్పుడల్లా కనపడుతుంది, నాకు కడుపులో దేవినట్టు అవుతుంది.

భోజనాల దగ్గర ఒకసారి, మాత్రలు కూడా వేస్తే మంచిది కదా అన్నాను. అత్తమ్మ "నాలుగు పుస్తకాలు చదివినంత మాత్రాన అన్నీ నీకే తెలుసు అనుకోవద్దు, బిడ్డను కన్నది వాళ్ళు" అన్నారు. బావగారు తల ఎత్తలేదు. రాత్రి మా ఆయనతో చెప్పుకుంటే ఆయన అన్న మాట నన్ను ఇంకా తికమక పెట్టింది. "నువ్వు శనివారం వస్తే మెట్ల దారిలో కొండకు నడిచిపోతావు, మొక్కు తీరిందని తలనీలాలు ఇచ్చినావు. ఎవరైనా వచ్చి అదంతా మూఢనమ్మకం అంటే నీకెట్లుంటుంది? వాళ్ళ నమ్మకం వాళ్ళది, నీ నమ్మకం నీది" అన్నారు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. నేను నాస్తికురాలిని కాను, దేవుడిని గట్టిగా నమ్మేదాన్ని. అట్లాంటప్పుడు ఇంకొకరి నమ్మకం మీద మాట్లాడే హక్కు నాకుందా? ఉంటే ఎప్పుడు, ఎవరితో, ఎంతవరకు మాట్లాడాలి? ఇంట్లో గొడవ కావడం నాకు ఇష్టం లేదు, కానీ ఊరుకుంటే నిద్ర పట్టడం లేదు. దయచేసి సీరియస్‌గా చెప్పండి.


చంద్రగిరి_నర్సమ్మ:

అమ్మాయీ, నేను ప్రైమరీ హెల్త్ సెంటర్లలో చాలా ఏళ్ళు చేసి రిటైర్ అయ్యాను. నమ్మకాల సంగతి మిగతావాళ్ళు చెప్తారు, నేను ముందు మాత్రల సంగతి చెప్పాలి, ఎందుకంటే అది ఆగదు.

ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం. డాక్టర్లు కూడా సాధారణంగా కనీసం రెండేళ్ళు ఫిట్స్ లేకుండా గడిచాకే ఆపడం గురించి ఆలోచిస్తారు, అప్పుడు కూడా కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతారు. గబుక్కున మానేస్తే ఫిట్స్ మళ్ళీ వస్తాయి, ఒకటి తగ్గకముందే ఇంకొకటి ఆగకుండా వచ్చే స్థితికి పోవచ్చు, అది ప్రాణం మీదికి వస్తుంది. మానేసి ఇన్ని రోజులైనా ఏమీ కాలేదు కదా అని మీవాళ్ళు అనొచ్చు. ఏమీ కాకపోవడం తాయెత్తు వల్లే అని కూడా అనుకుంటారు. రేపు బండి మీద పోతుంటేనో, నీళ్ళ తొట్టి దగ్గరో వస్తే ఏం చేస్తారు?

మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు నువ్వే డబ్బా తీసి పాత లెక్కన వేసెయ్యొద్దు. ఎన్ని రోజులు ఆపారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి, ఎంత నుంచి మొదలుపెట్టాలో అడగాలి. ఈలోపల ఫిట్ వస్తే పిల్లోడిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, మెడ దగ్గర గుండీలు వదులు చేయండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం, నీళ్ళు పోయడం ఏదీ వద్దు. టైం చూడండి, ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్ళీ వచ్చినా 108 పిలవండి. ఇంట్లో అందరికీ ఇది తెలిసి ఉండాలి, మీ అత్తమ్మకు ముందుగా.

నువ్వు అడిగిన దానికి నా జవాబు ఒక్కటే. తాయెత్తు మీద ఒక్క మాట కూడా మాట్లాడొద్దు, మాత్ర గురించి మాత్రం ఊరుకోవద్దు. నేను పల్లెల్లో తిరిగినన్నాళ్ళు నడుముకు తాయెత్తు ఉన్న బిడ్డలకే టీకాలు వేశాను, ఏ తల్లినీ దాన్ని తీసెయ్యమని అడగలేదు.


స్వర్ణముఖి_ఒడ్డు:

మీ ఆయన అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న, దాన్ని దాటేసి పోకూడదు, కాబట్టి నేను దానికే జవాబు చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మీరు మెట్లు ఎక్కితే నొప్పి పుట్టేది మీ మోకాళ్ళకు. జుట్టు ఇచ్చింది మీ తల మీదిది. ఆ మొక్కుకు అయిన ఖర్చు, శ్రమ మొత్తం మీదే, పైగా అడిగి మరీ తెచ్చుకున్నది. పిల్లోడి విషయంలో నమ్మింది పెద్దవాళ్ళు, దాని ఫలితం పడాల్సింది తొమ్మిదేళ్ళ బిడ్డ. వాడిని ఎవరూ అడగలేదు, అడిగినా కాదనే శక్తి వాడికి లేదు. రెండూ నమ్మకాలే కావచ్చు, కానీ ఒకదానికి మూల్యం నమ్మినవాళ్ళే కడుతున్నారు, ఇంకోదానికి వేరేవాళ్ళు కడుతున్నారు. నా వరకు మాట్లాడాలా వద్దా అన్నది తేలేది ఇక్కడే. నమ్మకం నిజమా అబద్ధమా అన్నది ఆ తర్వాతి మాట, అది తేలేలోపు మండలం అయిపోతుంది.

మన చుట్టూ చూడండి. గ్రహణం రోజు తిరుమలలో గుడి తలుపులు మూస్తారు, శ్రీకాళహస్తిలో మూయరు, పైగా గ్రహణ సమయంలో ప్రత్యేకంగా అభిషేకం చేస్తారు. రెండు ఊళ్ళ మధ్య పెద్ద దూరం కూడా లేదు, నమ్మకం మాత్రం అటూ ఇటూ. అయినా ఎవరూ ఎవరితోనూ తగవు పెట్టుకోలేదు, ఇక్కడ దర్శనం లేకపోతే అక్కడికి పోయి దండం పెట్టుకుని వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. దీని మీద నేను ఎందుకు మాట్లాడాలి? కానీ అదే గ్రహణం రోజు ఎనిమిదో నెల కడుపుతో ఉన్న అమ్మాయికి గంటల తరబడి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా గదిలో కూర్చోబెడితే, షుగర్ ఉన్న ముసలాయన్ను అన్నం తిననివ్వకపోతే, అప్పుడు మాట్లాడతాను. గ్రహణం తప్పని చెప్పను. ఒక గ్లాసు నీళ్ళు ఇవ్వండి అంటాను.

కాణిపాకం చూడండి. వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే శిక్ష తప్పదని మన జిల్లాల్లో జనానికి ఎంత గట్టి నమ్మకమంటే, అప్పు ఎగ్గొట్టిన తగాదాలు, దొంగతనం అనుమానాలు అక్కడికి పోతాయి, రాజకీయ నాయకులు కూడా కాణిపాకం రా ప్రమాణం చేద్దాం అని ఒకరినొకరు సవాలు చేసుకుంటారు. ఆ భయంతో దారిలోనే నిజం ఒప్పుకుని వెనక్కి వచ్చేవాళ్ళు ఉంటారని పెద్దలు చెప్తారు. ఆ నమ్మకాన్ని పగలగొట్టి నేను సాధించేది ఏముంది?

ఇంకొకటి, నర్సమ్మ గారు చెప్పిన టీకా మాట పట్టుకునే చెప్తున్నాను. మశూచి వస్తే మనవాళ్ళు అమ్మవారు పోసింది అనేవాళ్ళు, గంగమ్మకు మొక్కేవాళ్ళు, గుమ్మానికి వేపాకు కట్టేవాళ్ళు. మన దేశంలో ఆఖరి మశూచి కేసులు 1975లో, ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 1980లో. ఆ జబ్బు పోయింది టీకాతో. తాతయ్యగుంట గంగమ్మ గుడి ఎక్కడికీ పోలేదు, జాతర ఏటా జరుగుతూనే ఉంది, వేషాలు కట్టేవాళ్ళు కడుతూనే ఉన్నారు. టీకా వేయించుకోవడానికి అమ్మవారిని వదులుకోవాల్సిన పని ఎవరికీ పడలేదు. మీ ఇంట్లోనూ అంతే, మాత్రలా తాయెత్తా అని తేల్చమని అడగకండి, ఆ పోటీ పెట్టింది ఆ స్వామి. మీరు దాంట్లోకి దిగితే ఓడిపోతారు.


పీలేరు_పెద్దాయన:

నేను పై మాటల్లో సగం ఒప్పుకోను. మాత్రలు ఆపడం తప్పే, దాంట్లో రెండో మాట లేదు. కానీ ఎదుటివాడి నమ్మకం ఎవరికి నష్టం చేస్తుందో తేల్చేది ఎవరు? ప్రతివాడూ తన ఇంటి ఆచారం ఎవరికీ నష్టం లేనిది అనుకుంటాడు, పక్కింటిది మాత్రం మూఢం అంటాడు. ఈ మధ్య టీవీల్లో చూస్తున్నాం కదా, ఒక పక్క స్వాముల్ని, ఇంకో పక్క హేతువాదుల్ని కూర్చోబెట్టి అరిపిస్తారు. అది చూసి మనసు మార్చుకున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు, ఉన్న నమ్మకం ఇంకా గట్టిపడి లేచినవాళ్ళను చాలామందిని చూశాను. అవమానపడినవాడు మీ మాట వినడు, అది నిజమైనా సరే వినడు.

ఇంకో సంగతి. బిడ్డకు ఫిట్స్ వస్తే ఆ తల్లి ఎట్లా ఉంటుందో ఇక్కడ రాసేవాళ్ళు ఒకసారి ఆలోచించండి. ఎప్పుడు పడిపోతాడో తెలీదు, బడి నుంచి ఫోన్ వస్తే గుండె జారిపోతుంది, రేపు వాడికి పిల్లను ఎవరిస్తారని చుట్టాలు ఇప్పటినుంచే గుసగుస. ఆ తాయెత్తు ఆమెకు ధైర్యం. దాన్ని లాగేసి మీరు ఏం ఇస్తారు? డాక్టరు ఓపీలో రెండు నిమిషాలు చూసి చీటీ రాసి పంపిస్తాడు, స్వామి అరగంట కూర్చోబెట్టి పేరు పెట్టి పిలిచి మాట్లాడతాడు. జనం ఆయన దగ్గరికి ఎందుకు పోతున్నారో తెలుసుకోకుండా నోరు విప్పడం న్యాయం కాదు. నా అభిప్రాయం ఏమంటే బయటివాళ్ళు మాట్లాడకూడదు, ఆ ఇంటివాళ్ళే, అదీ ప్రేమ ఉన్నవాళ్ళే మాట్లాడాలి. ఈ అమ్మాయి ఆ ఇంటి కోడలు కాబట్టి ఆమెకు ఆ హక్కుంది, మనకు లేదు.


సత్యవేడు_దారి:

పెద్దాయనా, మీ మాటల్లో తల్లి గురించి చెప్పింది నాకు చాలా నచ్చింది. కానీ బయటివాళ్ళు మాట్లాడకూడదు అన్నదానికి నేను ఒప్పుకోలేను. నేను ఉమ్మడి చిత్తూరు జిల్లా తూర్పు మండలాల్లో ఆడపిల్లల చదువు పని మీద తిరిగిన మనిషిని. అక్కడ మాతమ్మ ఆచారం గురించి మీకు తెలిసే ఉంటుంది. దళితవాడల్లో ఆడబిడ్డకు పెద్ద జబ్బు చేస్తే, బతికితే నీకే వదిలేస్తాం తల్లీ అని మాతమ్మకు మొక్కుకుంటారు. బతికాక ఆ బిడ్డకు అమ్మవారి పేరు మీద తాళి కడతారు. ఇక ఆమెకు పెళ్ళి లేదు, జాతరల్లో ఆడాలి, ఊళ్ళో మగవాళ్ళ చూపు ఆమె మీద ఎట్లా పడుతుందో చెప్పాల్సిన పని లేదు. ఇది కూడా జబ్బు చేసిన బిడ్డ కోసం తల్లి మొక్కిన మొక్కే. ప్రేమతోనే మొక్కింది. ఇంటివాళ్ళే మాట్లాడాలంటే ఇక్కడ మాట్లాడేది ఎవరు? ఇల్లంతా, వాడంతా, ఊరంతా నమ్మేదే. ఇట్లాంటివి ఆపడానికి 1988లో మన రాష్ట్రంలో చట్టం వచ్చింది, దేవుడికి ఆడపిల్లను అంకితం ఇవ్వడం నేరం అని. బయటివాళ్ళు నోరు విప్పకపోతే ఆ చట్టమే లేదు. అయితే చట్టం ఒక్కటే పని చెయ్యలేదన్నది కూడా నిజం. నేను చూసినంతలో ఇంకో బిడ్డను వదలకుండా ఆపగలిగింది ఎక్కువగా మాతమ్మలే, అంటే అట్లా అమ్మవారికి వదిలేసిన ఆడవాళ్ళే. "నా బతుకు చూడు, నీ కూతురిని వదలొద్దు" అని ఆమె చెప్తే వినేవాళ్ళు, నేను చెప్తే తల ఊపి పంపించేవాళ్ళు.

ఇక్కడే నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. మనం నోరు విప్పేది ఎప్పుడూ లేనివాళ్ళ నమ్మకాల మీదే. పల్లెలో తాయెత్తు, జాతరలో కోడి, వాడలో మాతమ్మ, వీటి మీద గంటలు గంటలు మాట్లాడతాం. తిరుపతి టౌన్‌లో ఇంజనీర్లు, లెక్చరర్లు ఉన్న ఇళ్ళల్లో, మూలా నక్షత్రంలో పుట్టిందని, మామగారికి గండం అని ఒక అమ్మాయి సంబంధాలు వరసగా తప్పిపోతుంటే ఎవరు మాట్లాడతారు? కుజదోషం అని నిశ్చితార్థం దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్ళను మీరు చూడలేదా? ఆ అమ్మాయి ఏం తప్పు చేసింది, ఆమె ఎప్పుడు పుట్టాలో ఆమె నిర్ణయించుకుందా? స్వర్ణముఖి గారు చెప్పిన లెక్క ప్రకారమే చూడండి, నమ్మేది ఒకరు, కట్టేది ఇంకొకరు. కానీ అక్కడ "పెద్దవాళ్ళ సెంటిమెంట్" అని గౌరవంగా పేరు పెట్టి ఊరుకుంటాం, ఎందుకంటే మాట్లాడితే మన చుట్టరికాలే చెడతాయి. మన సొంత వరసలో ఉన్నవాళ్ళతో మాట్లాడే ధైర్యం లేనివాళ్ళు వాడల్లోకి వచ్చి నీతులు చెప్తే వాళ్ళెందుకు వినాలి? ఈ ప్రశ్న అడిగిన అమ్మాయిని నేను మెచ్చుకునేది అందుకే, ఆమె మాట్లాడాలనుకుంటున్నది తన అత్తగారితో.


కోర్టు_వీధి_చిత్తూరు:

వకీలుగా రెండు మూడు మాటలు, ఎందుకంటే ఇట్లాంటి చర్చల్లో "మనోభావాలు దెబ్బతిన్నాయి" అనే మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, జనం భయపడి ఆగిపోతారు. రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛ, మతాన్ని పాటించే స్వేచ్ఛ ఇస్తుంది, కానీ శాంతిభద్రతలు, నైతికతతోపాటు ఆరోగ్యానికి కూడా లోబడి అని అక్కడే రాసి ఉంది. శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో 42వ సవరణతో చేర్చిన 51ఏ చెప్తుంది. మతాన్ని కించపరిచారనే కేసు పాత చట్టంలో 295ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299. దానికి కావాలని, దురుద్దేశంతో ఒక వర్గం మత భావాలను గాయపరిచారని చూపించాలి. పిల్లోడికి మాత్ర వేయండి అని ఇంట్లో చెప్పడం దాని దరిదాపులకు కూడా రాదు. కానీ కోపంలో ఆ స్వామి ఫొటో పెట్టి, ఆయన్ను నమ్మేవాళ్ళందరినీ తిడుతూ వాట్సాప్ స్టేటస్ మాత్రం పెట్టకండి, అనవసరమైన తలనొప్పి.

నిజంగా నోరు గట్టిగా విప్పాల్సింది నమ్మేవాడి మీద కన్నా ఆ నమ్మకాన్ని అమ్ముకునేవాడి మీద. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం అని ఒకటుంది. తాయెత్తు, మంత్రం, కవచం లాంటివి రోగాలు నయం చేస్తాయని ప్రకటనలు ఇవ్వడం ఆ చట్టం కింద నేరం, మొదటిసారైతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొన్ని జబ్బులకు మందు ఉందని ప్రకటించడమే నిషేధం, ఆ జాబితాలో మూర్ఛ ఉంది. ఆయన కరపత్రాలు, గోడల మీద రాతలు, యూట్యూబ్ వీడియోలు ఏవైనా ఉంటే దాచిపెట్టండి. పిల్లలకు ఆపద అనిపిస్తే 1098కు ఎవరైనా ఫోన్ చెయ్యొచ్చు, కానీ మీ ఇంటి విషయంలో ఆ దాకా పోకుండానే తేలుతుందనిపిస్తుంది, ముందు మాట్లాడి చూడండి.


అలిపిరి_మెట్లు:

అందరికీ చాలా థాంక్స్. అన్నీ రెండేసి సార్లు చదువుకున్నాను. మా ఆయనకు స్వర్ణముఖి గారి జవాబు చదివి వినిపించాను, ఆయన కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అన్నతో నేను మాట్లాడతాలే" అన్నారు.

నేను అత్తమ్మ దగ్గరికి పోలేదు, అక్క దగ్గరికి పోయాను, అంటే మా తోడికోడలు. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే తాయెత్తు మాట ఎత్తకుండా, వాడు ఎట్లా ఉన్నాడక్కా, నీకు భయంగా లేదా అని మాత్రం అడిగాను. ఆమె ఏడ్చేసింది. అసలు సంగతి అప్పుడు తెలిసింది. మాత్రలు వేసినప్పటి నుంచి వాడు బడిలో మధ్యాహ్నం తల వాల్చి నిద్రపోతున్నాడంట, టీచర్ మందబుద్ధి అన్నట్టు మాట్లాడిందంట, అక్క డాక్టరును అడిగే ధైర్యం చెయ్యలేక లోపల్లోపల కుమిలిపోతూ ఉంటే ఈ స్వామి మందులు మానెయ్యమనేసరికి ఆమెకు ఒక దారి దొరికినట్టు అయింది. గాలి సోకిందని ఆమె పెద్దగా నమ్మలేదు కూడా. పీలేరు పెద్దాయన చెప్పింది ఇదే అనుకుంటాను. నేను భోజనాల దగ్గర అందరి ముందు అన్నప్పుడు ఆమె నోరు తెరిచి ఈ మాట చెప్పే వీలే లేదు.

రేపు పొద్దున అక్క, నేను కలిసి డాక్టరు దగ్గరికి పోతున్నాం. తాయెత్తు ఉంటుంది. అత్తమ్మకు ఏం చెప్పాలన్నదే ఇంకా తేలలేదు, బావగారు చెప్పకుండా పోదాం అంటున్నారు, అక్కకు అబద్ధం చెప్పడం ఇష్టం లేదు, నాకూ లేదు.


చంద్రగిరి_నర్సమ్మ:

చాలా సంతోషం. చెప్పకుండా పోవద్దు, అత్తమ్మను కూడా తీసుకుపోండి. పెద్దామె మనవడి మీద ప్రేమతోనే ఇదంతా చేసింది, డాక్టరు నోటి నుంచి నేరుగా వింటే ఆమెకు గౌరవం ఇచ్చినట్టు ఉంటుంది, ఇంటికొచ్చాక మాత్ర వేసేది ఆమే అవుతుంది చూడు. ఆమె ముందే డాక్టరును అడగండి, తాయెత్తు ఉంచుకుని మాత్రలు వేసుకోవచ్చా అని. వేసుకోవచ్చమ్మా అనే చెప్తారు.

నిద్రమత్తు సంగతి తప్పకుండా చెప్పండి. కొన్ని ఫిట్స్ మాత్రలతో అది మామూలే, మోతాదు సర్దడమో, మందు మార్చడమో డాక్టరు చూస్తారు. ఇప్పటివరకు ఫిట్స్ ఎప్పుడెప్పుడు వచ్చాయి, ఎంతసేపు ఉన్నాయి, మాత్రలు ఏ తేదీ నుంచి ఆపారు, ఇదంతా ఒక కాగితం మీద రాసుకుని పోండి, అక్కడికి పోయాక టెన్షన్‌లో సగం మర్చిపోతారు. పాత చీటీలు, మాత్రల డబ్బా కూడా సంచిలో పెట్టుకోండి. మళ్ళీ ఎప్పుడైనా ఫిట్ వస్తే ఒకరు పిల్లోడిని చూసుకుంటూ ఉండగా ఇంకొకరు ఫోన్లో వీడియో తియ్యండి, డాక్టరుకు అది చాలా పనికొస్తుంది. బడి టీచరుకు కూడా ఫిట్స్ గురించి ఒక చీటీ రాసివ్వమని డాక్టరును అడగండి.